ఆరు నిమిషాల్లో కరిగిన మంచు

పోయిన వారం మీరు నన్ను జూబ్లీ హిల్స్‌లో నిర్మాత త్రినాథరావు గారి గేటు ముందు, చేతుల్లో అట్టపెట్టెతో మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి వెళ్ళిపోయారు. పెట్టెలో ఏముందో గుర్తుందిగా? మా నాన్న సెబాస్టియన్ యూసుఫ్‌గూడలో మా రెండు గదుల ఇంట్లో తయారు చేసిన పన్నెండు చక్కెర గాజు పలకలు. సినిమా ఫైట్లలో హీరో గుద్దగానే భళ్ళున పగిలి, ఎవరికీ గాటు పడని గాజు అదే. పంచదార, గ్లూకోజు కలిపి పాకం పట్టి, పళ్ళేల్లో పోసి ఆరబెడతారు.

పద్నాలుగేళ్ళు విమానాల మెకానిక్‌గా పనిచేసిన మనిషి మూడేళ్ళుగా పాకం ఎందుకు పడుతున్నాడో కూడా చెప్పాను. 1988 జనవరిలో త్రినాథరావు గారు షూటింగు కోసం అద్దెకు తీసుకున్న చిన్న విమానానికి, కులూ లోయ మీద ఎగురుతుండగా ముందు అద్దం పగిలింది. దారి కనబడక పైలట్ ఎలాగో దించాడు గానీ విమానం రన్‌వే దాటిపోయి అతని కాలు విరిగింది. సెబాస్టియన్ తాగిన మైకంలో అద్దం మీది మంచును సుత్తితో కొట్టాడని తేల్చి నాన్న లైసెన్సు లాక్కున్నారు. నాన్న ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

ఇప్పుడు అదే సంఘటన మీద త్రినాథరావు గారు సినిమా తీస్తున్నారు. తాగుబోతు మెకానిక్ సుత్తితో అద్దం పగలగొట్టే సీను సోమవారం షూటింగు. ఆ సుత్తి దెబ్బకు పగలాల్సిన గాజును మా నాన్న చేతే చేయించారు. ఏ సీనుకో నాన్నకు తెలియదు. కొలతలు రాసి పంపిన కాగితం వెనకే ఆ సీను ఉంది, తిప్పి చూశాను గనక నాకు తెలిసింది.

గేటు తీసింది మల్లమ్మ. ఆ ఇంట్లో వంట చేస్తుంది, ఉండేది మా పక్కన రహమత్ నగర్‌లో.

"ఏంది కరుణమ్మా, ఎండల గిట్ల నిలబడ్డవ్? సామాను గీడ పెట్టి పో, నేను సార్‌కు చెప్త."

"సామాను ఇవ్వడానికి రాలేదు మల్లమ్మా. పైన ఎవరున్నారు?"

"పెద్ద సారు, డైరెక్టర్ సారు, మీ ఇంటికొస్తడే సుబ్బరామయ్య సారు, గాయన. పొద్దుగాల సంది కథ మీద కూసున్నరు. చాయ్ మీద చాయ్. ఎవల్నీ పంపొద్దన్నరు."

"నువ్వు పంపకు. నేనే పోతాను."

మల్లమ్మ నా ముఖంలోకి ఒకసారి చూసి పక్కకు జరిగింది. "పో బిడ్డా. నేనైతే నిన్ను చూడలే," అంది.

కథా చర్చల గది ఎలా ఉంటుందో మీకు తెలియకపోతే చెబుతాను. నేల మీద తెల్లటి పరుపులు, గుండ్రటి బాలీసులు, గోడకు దేవుడి పటం, మూలన ఫ్రిజ్, బయట ఎండతో సంబంధం లేనంత చల్లగా ఏసీ. మనుషుల తలరాతలు పడుకుని రాసే గది అది. త్రినాథరావు గారు బాలీసును ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. పక్కన డైరెక్టర్ కాశీవిశ్వనాథం, చేతిలో ప్యాడ్. కాస్త దూరంగా గోడకానుకుని సుబ్బరామయ్య బాబాయ్. ఆయన కో-డైరెక్టరు. ఏ షాట్‌లో హీరో మెడలో మఫ్లరు ఎటుంది, ఏ టేకు ఎన్ని గంటలకు తీశారు, అన్నీ పుస్తకంలో రాసి పెట్టేది ఆయనే. నాన్నకు చక్కెర గాజు పని నేర్పించింది, మొదటి ఆర్డరు ఇప్పించింది కూడా ఆయనే. ప్రతి ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి మా గుమ్మంలో ఉంటారు, మాతోనే భోంచేస్తారు.

"ఎవరమ్మాయ్ నువ్వు? పైకి ఎవరు రానిచ్చారు?" అన్నారు త్రినాథరావు గారు.

"కరుణాకుమారిని. సెబాస్టియన్ కూతుర్ని. మీ సుత్తి సీనుకు గాజు తెచ్చాను."

ఆ 'సుత్తి' అన్న మాటకు సుబ్బరామయ్య బాబాయ్ తల దించుకున్నారు. త్రినాథరావు గారు మాత్రం నవ్వారు.

"ఓహో. అయితే చదివావన్న మాట. చూడమ్మాయ్, అది కథ. మీ నాన్న పేరు ఎక్కడా లేదు. మెకానిక్ పేరు కూడా మార్చాం."

"పోస్టరు మీద 'నిజంగా జరిగిన కథ' అని వేశారు. కులూ అని వేశారు. 1988 అని వేశారు. పేరొక్కటి మారిస్తే మా చర్చిలో ఎవరికీ తెలియదనుకున్నారా? మూడేళ్ళ నుంచి మా నాన్న చివరి బెంచీలో కూర్చుంటున్నాడు సార్. మీ సినిమా వస్తే ఆ బెంచీ కూడా ఉండదు."

"తాగి పగలగొట్టాడని ఎంక్వయిరీలో తేలింది కదా. నేను చెప్పిందా అది?"

నేను పెట్టె తెరిచి ఒక గాజు పలక పైకి తీశాను. దాన్ని రెండు చేతులతో ఎత్తి నేల మీద వదిలేశాను. పరుపులు లేని చోట, పాలరాయి మీద. అది ముక్కలై ఫ్రిజ్ కిందకు, టీ కప్పుల మధ్యకు జారిపోయింది. నాన్న దాని కోసం రెండు రోజులు గాలి తగలకుండా కాపలా కాశాడు.

"ఇంకా పదకొండున్నాయి. సోమవారం లోపల ఇవి చేసేవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకెవరూ లేరు. నేను చెప్పేది పది నిమిషాలు వినండి. వినకపోతే అన్నీ ఇక్కడే పగలగొట్టి వెళ్తాను."

కాశీవిశ్వనాథం కాళ్ళు దగ్గరకు లాక్కుని, "విందాం సార్, పది నిమిషాలేగా," అన్నాడు. పాపం, సోమవారం షూటింగు ఆయనదే.

నేను స్కూల్లో ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతాను. నలభై ఐదు మంది పిల్లల్ని కూర్చోబెట్టిన గొంతు ముగ్గురు సినిమా వాళ్ళకు చాలదా? తిన్నగా వెళ్ళి మూలనున్న ఫ్రిజ్ తెరిచాను. పై అరలో, నేను అనుకున్నట్టే, మందపాటి గాజు మగ్గులు నాలుగు మంచు పట్టి తెల్లగా ఉన్నాయి. సాయంత్రాలు వాటిలో ఏం పోసుకుంటారో మనకెందుకు? ఒకటి తీసి టీపాయ్ మీద పెట్టాను. మల్లమ్మ అప్పుడే కొత్త ఫ్లాస్కుతో గుమ్మంలోకి వచ్చింది.

"మల్లమ్మా, టీ బాగా వేడిగా ఉందా?"

"ఇప్పుడే దించిన. నోరు కాల్తది."

"ఈ మగ్గులో పొయ్యి."

మల్లమ్మ పెద్ద సారు వైపు చూసి, నా వైపు చూసి, పోసేసింది. టప్పున మోగింది. అడుగు నుంచి పై అంచు దాకా ఒక గీత పరిగెత్తి, టీ టీపాయ్ మీదుగా తెల్ల పరుపు మీదకు కారింది.

"అమ్మో, పలిగింది!" అంది మల్లమ్మ.

"చూశారా సార్? సుత్తి ఎక్కడుంది?" అన్నాను.

త్రినాథరావు గారు పరుపు చూసుకుంటున్నారు. కాశీవిశ్వనాథం మాత్రం మగ్గునే చూస్తున్నాడు.

నాన్న నాకు చిన్నప్పటి నుంచి చెప్పిన పాఠమే వాళ్ళకు చెప్పాను. విమానం ముందు అద్దం మన కిటికీ అద్దం లాంటిది కాదు. బయట ఒక పలుచటి గాజు, లోపల ఒక మందపాటి గాజు, మధ్యలో మెత్తటి ప్లాస్టిక్ పొర. పైకి వెళ్తే బయట సున్నాకు ముప్ఫై, నలభై డిగ్రీల కింద చలి. అద్దం మీద మంచు పేరుకుంటే పైలట్ గుడ్డివాడే. అందుకని బయటి గాజు లోపలి వైపున కంటికి కనబడనంత పలుచటి పూత పూసి, దానిలోంచి కరెంటు పంపిస్తారు. గాజు వేడెక్కి మంచు కరుగుతుంది.

"ఇక్కడే వస్తుంది చిక్కు," అన్నాను. "రాత్రంతా చలిలో నానిన అద్దానికి ఒక్కసారిగా పూర్తి వేడి ఇస్తే ఏమవుతుంది? లోపలి ముఖం వేడెక్కి సాగాలంటుంది. బయటి ముఖం గడ్డకట్టుకుని కదలనంటుంది. గాజుకు నొక్కితే తట్టుకునే బలం ఉంది గానీ, లాగితే తట్టుకునే బలం లేదు. చలిగా ఉన్న వైపు అంతా లాగుడే. అంచులో ఇసుక రేణువంత గాటుంటే చాలు, గీత అక్కడ మొదలవుతుంది. మధ్యలో ప్లాస్టిక్ పొర చలికి గాజు కన్నా ఎక్కువ ముడుచుకుంటుంది. అదొక లాగుడు. మొదట కంటికి కనబడదు. మర్నాడు పైకెళ్ళాక, ఆ చలిలో, అద్దం మొత్తం పాకుతుంది. లోపలి మందపాటి గాజు ఆపింది గనక మీ పైలట్ ప్రాణంతో దిగాడు. సుత్తితో కొడితే దెబ్బ పడ్డచోట పగుళ్ళు గుమిగూడి ఉంటాయి సార్. ఆ అద్దం అంచు నుంచి మొదలై పగిలిందని మీ ఎంక్వయిరీ కాగితంలోనే ఉంది. నేను చదివాను."

"మరి చలి దేశాల్లో విమానాలు ఎగరడం లేదా?" అన్నాడు కాశీవిశ్వనాథం, నిజంగానే తెలుసుకోవాలని.

"ఎగురుతున్నాయి. పద్ధతి ఉంది. స్విచ్‌కు రెండు మెట్లు. ముందు తక్కువ వేడిలో పదిహేను నిమిషాలైనా పెట్టాలి. గాజు నెమ్మదిగా తేరుకుంటుంది. ఆ తర్వాతే ఎక్కువ. మా నాన్న పద్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆ పదిహేను నిమిషాలు తగ్గించలేదు."

"బాగుంది సార్! సుత్తి కన్నా ఇదే బాగుంది. సస్పెన్స్ ఉంది," అన్నాడు డైరెక్టర్. మనిషి బతుకు గురించి మాట్లాడుతుంటే వీళ్ళకు సీను కనబడుతుంది. అయినా ఆ క్షణంలో అతని మీద నాకు కోపం రాలేదు.

"ఆగవయ్యా," అన్నారు త్రినాథరావు గారు. "సరే అమ్మాయ్. వేడి వల్లే పగిలిందనుకుందాం. ఎక్కువలో పెట్టారని నీకెలా తెలుసు? నువ్వున్నావా కులూలో?"

"నేను లేను. పుస్తకం ఉంది." సుబ్బరామయ్య గారి వైపు తిరిగాను. "బాబాయ్, కులూ షెడ్యూలు పుస్తకం ఉందా?"

ఆయన లేవలేదు. "ఎందుకమ్మా అదంతా ఇప్పుడు," అన్నారు. గొంతు సరిగా రాలేదు.

"తీయండి బాబాయ్. మీరు టైం రాయకుండా షాట్ వదిలిపెట్టరని నాన్న వందసార్లు చెప్పాడు."

ఆయన పక్కగదిలోకి వెళ్ళి అట్ట చినిగిన లావుపాటి పుస్తకం తెచ్చారు. పేజీలకు ఫోటోలు అంటించి ఉన్నాయి. ఆయన దాన్ని తెరవకుండా పట్టుకునే ఉంటే నేనే అందుకుని తిప్పాను. జనవరి పద్నాలుగు పేజీ ఆయన గుండ్రటి రాతలో ఉంది. పైకే చదివాను.

"ఏడూ పది. టేకు ఒకటి. హీరో కాక్‌పిట్‌లో, కెమెరా బయట. అద్దం మీద మంచు, ముఖం కనబడలేదు. కట్. ఏడూ పదహారు. టేకు రెండు. అద్దం శుభ్రంగా ఉంది. ఓకే."

పుస్తకం మూయకుండా వాళ్ళ వైపు తిప్పాను.

"ఆరు నిమిషాలు," అన్నాను. "రాత్రంతా పేరుకున్న మంచు ఆరు నిమిషాల్లో కరిగి, హీరోగారి ముఖం కనబడింది. తక్కువ వేడిలో అది జరగదు. విమానం ఎగరడానికి కాదు సార్ ఆ స్విచ్ వేసింది. మీ హీరో ముఖం కనబడ్డానికి! దానికి మా నాన్న లైసెన్సు పోయింది."

నాకు ఏడుపు వచ్చేలా ఉంది, కోపంతో. మింగేశాను. గెలిచానని అనుకున్నాను కూడా. త్రినాథరావు గారు లేచి నిలబడి, నెమ్మదిగా నా చేతిలోంచి పుస్తకం తీసుకున్నారు.

"తెలివైనదానివే," అన్నారు. "ఒక పేజీ చదివి ఆపేశావెందుకు? రెండోది కూడా చూడు."

ఆయన పేజీ తిప్పి నా ముందు పట్టారు. హీరో మఫ్లరు కట్టు గుర్తుండటానికి వెనక నుంచి తీసిన ఫోటో. మఫ్లరు పక్కన, అంచులో, విమానం స్విచ్‌ల వరస. అద్దం వేడి చేసే స్విచ్ పూర్తిగా పై మెట్టులో ఉంది. దాని మీద ఒక చెయ్యి. ఆ చేతి చిటికెన వేలికి పై కణుపు లేదు.

నేను పుట్టక ముందు ఇంటి తలుపులో పడి తెగిపోయిన కణుపు అది. చిన్నప్పుడు ఆ వేలు పట్టుకునే నేను నడక నేర్చాను.

"ఈ ఫోటో ఎంక్వయిరీకి ఇవ్వకుండా దాచింది నేనేనమ్మా," అన్నారు త్రినాథరావు గారు, ఈసారి నవ్వకుండా. "సుత్తి అన్నది విమానం అద్దెకిచ్చిన కంపెనీవాళ్ళు. ఇది బయటపెట్టి ఉంటే మీ నాన్న మీద కేసే పడేది. ఇప్పుడు చెప్పు. సీను మార్చమంటావా? మారిస్తే ఇదే తీస్తాను. మెకానిక్ చెయ్యి, స్విచ్, క్లోజప్."

మల్లమ్మ గుమ్మంలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సుబ్బరామయ్య బాబాయ్ కళ్ళు మూసుకున్నారు. ఆ ముగ్గురు మగవాళ్ళలో ఒక్కరైనా నేను ఏడుస్తానని ఎదురు చూస్తున్నారని తెలిసింది. అది తెలియడంతోనే నా వెన్ను నిటారుగా అయింది.

"సార్, మీరు ఎన్ని సినిమాలు తీశారు?"

"ఇరవై రెండు. ఏం?"

"ఇరవై రెండు తీసి, కదలని బొమ్మ చూసి కథ చెబుతున్నారా? ఈ చెయ్యి స్విచ్ వేస్తోందా, వేసి ఉన్న స్విచ్‌ను తీస్తోందా? చెప్పండి. మీరు చెప్పండి డైరెక్టర్ గారూ. దీని ముందు బొమ్మ ఏది? దీని తర్వాత బొమ్మ ఏది?"

కాశీవిశ్వనాథం ఫోటోను దగ్గరగా చూశాడు. "చెప్పలేం సార్," అన్నాడు చివరికి. "రెండిట్లో ఏదైనా కావచ్చు."

త్రినాథరావు గారు పుస్తకాన్ని బాలీసు మీద పెట్టారు. ఆయన చెడ్డవాడని ఇంతవరకు రాస్తూ వచ్చాను. మొండివాడు అనడం సరైన మాటేమో.

"సరే. మీ నాన్ననే అడుగు," అన్నారు. "తీశానని ఆయన నోటితో చెబితే, వేసిందెవరో కూడా చెప్పాలి. చెబితే సోమవారం ఆ సీనుండదు. చెప్పకపోతే గాజు పంపించు."

"గాజు అంతదాకా నా దగ్గరే ఉంటుంది. ఫోటో కూడా." అంటించిన ఫోటోను పేజీ నుంచి ఊడదీసుకుని, పెట్టె ఎత్తుకుని దిగి వచ్చేశాను. వెనక నుంచి ఎవరూ ఆపలేదు.

ఇంటికి వచ్చేసరికి నాన్న పొయ్యి ముందు స్టూలు మీద కూర్చుని పాకం కలుపుతున్నాడు. గది నిండా తీపి వాసన. పెట్టె చూసి, "తీసుకోలేదా? కొలత తేడా వచ్చిందా?" అన్నాడు కంగారుగా. ఆ కంగారు చూస్తే నాకు ప్రాణం పోయినట్టయింది. పొయ్యి ఆర్పేసి ఫోటో ఆయన ముందు పెట్టాను.

"నాన్నా, ఈ చెయ్యి ఎవరిది?"

ఆయన గరిటె పక్కన పెట్టి చెయ్యి తుడుచుకున్నాడు. ఫోటోను ముట్టుకోలేదు.

"నాదే," అన్నాడు.

"వేశావా, తీశావా?"

పాకం మీద పొర కట్టడం మొదలైంది.

"తీశాను తల్లీ. పైలట్ టీ తాగడానికి దిగాడు. నేను తోక వైపున్నాను. బయటి నుంచి కరెంటు ఇచ్చే బండి తగిలించే ఉంది, లోపల లైట్ల కోసం. వచ్చేసరికి స్విచ్ పై మెట్టులో ఉంది. పరిగెత్తి తీశాను. అద్దం అంచంతా చేత్తో తడిమి చూశాను. గీత లేదు. విమానం రిపేర్ల పుస్తకంలో రాయాలి. రాస్తే వేసినవాడి పేరు కూడా రాయాలి. రాయలేదు. ఆ తప్పు మాత్రం నాదే, కరుణా. ఎవరు కాదన్నా నాదే."

"ఎవరి పేరు?"

"అతను తెలిసి చెయ్యలేదమ్మా. ముఖం కనబడ్డం లేదని అందరూ అతని మీద పడి అరుస్తున్నారు. ఫ్యాను రెగ్యులేటరు తిప్పినట్టు తోసేశాడు."

"నాన్నా, పేరు చెప్పు. నీ పేరు మూడేళ్ళుగా అందరి నోళ్ళలో నానుతోంది. ఒక్కసారి అతని పేరు నీ నోటితో చెబితే చాలు."

నాన్న గోడకున్న సిలువ వైపు చూశాడు, ఆ తర్వాత వంటగదిలో బోర్లించి ఉన్న కంచాల వైపు.

"మనం కంచాలు రెండే కడుగుతామా ఆదివారం?" అన్నాడు మెల్లగా.

మూడు. మూడేళ్ళుగా మూడు కంచాలు. మూడో కంచంలో అన్నం వడ్డించేది నేనే.

అప్పుడే వాకిట్లో స్కూటరు ఆగింది. "సెబాస్టియన్, ఇంట్లో ఉన్నావా? కరుణమ్మ వచ్చిందా?" తలుపు అవతల, మధ్యాహ్నం సరిగా రాని గొంతే.

నాన్న వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు. నేను ఫోటో చేతిలో పట్టుకుని, వెళ్ళి తలుపు గడియ తీశాను.